బావ మాట ఇవ్వడం మానేసిన రోజు

సభాధ్యక్షులు డిపో మేనేజరు గారికి, వారి పక్కన కూర్చున్న మా పాస్టరు గారికి, వర్క్‌షాపులో జుట్టు నెరిసిన పెద్దలకు, నెరవలేదని నమ్మించడానికి రంగు వేసుకొచ్చిన నా తోటివారికి (నవ్వులు), నేనేం వాగుతానో అని చేతిసంచి గట్టిగా పట్టుకుని కూర్చున్న మా అక్కకు, ఈ రోజు ఫోర్‌మన్‌గా పదవీ విరమణ చేస్తున్న మా బావగారికి నా నమస్కారాలు.

బావని పొగడమని బావమరిది చేతికి మైకు ఇచ్చిన మేనేజరు గారి ధైర్యానికి ముందుగా జోహార్లు. ఇన్నేళ్ళూ ఈయన నన్ను ఆటపట్టించినదంతా ఈ ఒక్క సాయంత్రంలో తిరిగి ఇచ్చేద్దామనే ఇంటి దగ్గర బయల్దేరాను. తీరా ఇక్కడ నిలబడ్డాక, ఆయన్ని చూస్తుంటే, ఆ పని నా వల్ల అయ్యేలా లేదు. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను. దాచకుండా చెప్పమని ఆయనే నన్ను అడిగారు.

ఇప్పుడు పనిలో చేరిన పిల్లలకి బావగారంటే నెమ్మదస్తుడు. వాళ్ళకి తెలియనిదేమిటంటే, ఒకప్పుడు ఈ వర్క్‌షాపులో ఆయన పేరు ‘రేడియేటరు’. ఎప్పుడు మరుగుతుందో, మూత ఎప్పుడు ఎగిరి ఎవరి మొహాన పడుతుందో తెలియదు కనక ఆ పేరు. (నవ్వులు) నవ్వండి, ఇప్పుడు నవ్వొచ్చు. అప్పుడు ఆయన గేర్‌బాక్సు సెక్షన్లోంచి బయటికొస్తే మేం ఎలక్ట్రికల్ వాళ్ళం బస్సుల కిందకి దూరిపోయేవాళ్ళం. పనిలో మాత్రం ఆయన్ని మించినవాడు లేడు. ఇంజను చప్పుడు వినగానే రోగం చెప్పేవారు, ఆ రోగానికి కారణమైన మనిషిని మాటలతో చీల్చి చెండాడేవారు.

ఆదివారం ఉదయం గుడిలో పాటల బృందంలో నిలబడి, సమాధానం గురించి, అంటే మనశ్శాంతి గురించి, గంభీరమైన గొంతుతో పాడేవారు. ఆరాధన ముగిసి బయటికొచ్చాక, ఎవరైనా తన స్కూటరుకి అడ్డంగా బండి పెట్టి ఉంటే అదే గొంతుతో వీధంతా వినిపించేలా అరిచేవారు. పాస్టరు గారు నవ్వుతున్నారు, ఒకసారి ఆ అడ్డం పెట్టిన బండి వారిదే. (నవ్వులు)

ఆయన ప్రయత్నించలేదని మాత్రం అనకండి. కోపం వస్తే చన్నీళ్ళు తాగారు, నోట్లో లవంగం వేసుకున్నారు, అంకెలు లెక్కపెట్టారు. ఒకసారి లెక్కపెడుతుండగా మధ్యలో పలకరించినందుకు నన్నే తిట్టారు. అరిచిన ప్రతిసారీ ఇంటికెళ్ళి మా అక్క ముందు కూర్చుని, ఇదే ఆఖరిసారి, మాట ఇస్తున్నాను అనేవారు. ఆ మాట ఇచ్చేటప్పుడు ఆయన కళ్ళలో అబద్ధం ఉండేది కాదు. అందుకే అక్క ప్రతిసారీ నమ్మేది. పాప మాత్రం, అంటే మా మేనకోడలు, సందు చివర స్కూటరు చప్పుడు వినగానే బొమ్మలు ఎత్తిపెట్టేసి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది.



ఒక రోజు, బయల్దేరాల్సిన బస్సు ఇంకా షెడ్డులోనే ఉందని పైనుంచి మందలింపు వచ్చింది. ఆలస్యానికి కారణం వెల్డింగు అనుకున్నారు బావగారు. కాదు, సామాను రాలేదు. ఇక్కడే కూర్చున్న మా వెల్డరు గారు ఆ సంగతి చెప్పబోతుండగానే ఈయన చేతిలోని స్పానరు గాల్లోకి లేచింది. వెళ్ళి వెల్డరు గారి కనుబొమ్మ పైన తగిలింది. ఇంకాస్త కిందైతే కన్ను పోయేదని డాక్టరు గారన్నారు. విచారణకి ఆసుపత్రికి వచ్చిన ఆఫీసర్లతో వెల్డరు గారు, కాలు జారి బెంచీ అంచుకి కొట్టుకున్నానని చెప్పారు. ఎందుకలా చెప్పారని తర్వాత అడిగితే, ఆయనకీ ఆడపిల్ల ఉంది కదా అన్నారు. బావగారు ఆ మంచం పక్కనే నిలబడి ఉన్నారు, నోరు విప్పలేదు.

ఆ సాయంత్రం అక్క పాపని తీసుకుని మా ఇంటికి వచ్చేసింది. ఈయన వెనకాలే వచ్చారు. గుమ్మంలో నిలబడి, మళ్ళీ మాట ఇవ్వబోయారు. అక్క అరవలేదు, ఏడవలేదు.

“మీరు మాట ఇవ్వడం మానేసిన రోజు వస్తాను,” అంది.

ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు. ఆయనకీ కాలేదు. వెళ్ళిపోయారు.

ఆ తర్వాత జరిగింది ఆయన మా చర్చి సంఘంలో అందరి ముందూ సాక్ష్యంగా చెప్పినదే, నా సొంత కవిత్వం కాదు. ఒక ఉదయం పాస్టరు గారు గుడిలో బెంచీలూ నేలా తుడుచుకుంటుండగా బావగారు వెళ్ళి, నా కోపాన్ని తీసెయ్యమని ప్రార్థించండి, మిగతాదంతా నేను చూసుకుంటాను అన్నారట. పాస్టరు గారు గుడ్డ పక్కన పెట్టి, ఒకటే అడిగారట.

“కోపాన్ని ప్రభువుకి ఇస్తానంటున్నావు బాబూ. నిన్ను నువ్వు ఎప్పుడిస్తావు?”

బావగారికి ముందు కోపమే వచ్చింది. (నవ్వులు) లేచి తలుపు దాకా వెళ్ళారు. అక్కడ ఆయనకి ఆసుపత్రి మంచం కళ్ళ ముందు మెదిలింది. స్పానరు విసిరింది కోపమే కావచ్చు, మరి తర్వాత నోరు మూసుకుని నిలబడిందెవరు? అప్పుడు కోపం లేదు. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, అబద్ధం తనని కాపాడినందుకు లోపల ఒక సంతోషం కూడా ఉంది. చెడిపోయింది ఒక భాగం కాదు, బండంతా చెడిపోయింది, దాన్ని బాగుచేస్తానంటున్న మేస్త్రీ కూడా నేనే అని అప్పుడు తెలిసిందని చెప్పారు. తన పనితనం మీద ఎంతో నమ్మకమున్న మనిషి వెనక్కి వచ్చి, తడి ఆరని ఆ నేల మీద మోకరించి, “నా వల్ల కాదు ప్రభువా, నన్నే తీసుకో,” అన్నారు. అంతకుమించి ప్రార్థన రాలేదట. నా పాపభారం సిలువ దగ్గర దిగిపోయిందని చిన్నప్పటినుంచీ పాడుతూనే ఉన్నాను గానీ, దించుకున్నది మాత్రం ఆ రోజే అంటారాయన.

అక్కణ్ణుంచి ఇంటికి వెళ్ళలేదు, నేరుగా అప్పటి మేనేజరు గారి గదికి వెళ్ళి నిజం చెప్పారు. జీతం కోత పడింది, రావలసిన ప్రమోషను ఆయన పని నేర్పిన కుర్రాడికి వెళ్ళింది, చాలా కాలం ఆ కుర్రాడి కిందే పనిచేశారు. ఆ రోజే వెల్డరు గారి ఇంటికీ వెళ్ళారు. అక్కడేం మాట్లాడుకున్నారో ఇద్దరూ ఇప్పటికీ చెప్పరు. వెల్డరు గారూ, ఇవాళైనా చెబుతారా? చెప్పరట. (నవ్వులు) సరే, అది మీ ఇద్దరికీ, దేవుడికీ మధ్య ఉండనివ్వండి.

సాయంత్రానికి మా గుమ్మంలోకి వచ్చారు. మళ్ళీ అదే పాట మొదలవుతుందని నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. ఆయన నా భుజం మీదుగా అక్కని చూసి మెల్లగా అన్నారు.

“మారతానని చెప్పడానికి రాలేదు. నన్ను నేను మార్చుకోలేనని ఒప్పుకోడానికి వచ్చాను. ప్రభువుకి నన్ను అప్పగించుకున్నాను. నిన్ను రమ్మని అడగను. పాపకి మాత్రం, తప్పు తనది కాదు, నాదని చెప్పు.”

అని వెళ్ళిపోయారు. అక్క వెంటనే వెనకాల పరిగెత్తలేదు. మా అక్క తెలివైనది. కొన్ని నెలలు చూసింది. ఆ నెలల్లో ఆయన మూడు సార్లో నాలుగు సార్లో మరిగారు, అది నేనూ చూశాను. కానీ మరిగిన ప్రతిసారీ, అదే షెడ్డులో, అందరి ముందూ, తిట్టినవాడి దగ్గరికి వెళ్ళి క్షమించమని అడిగారు. రానురాను మరగడమే తగ్గిపోయింది. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, అక్క పాపని బావగారి స్కూటరు మీద ముందు నిలబెట్టి, తను వెనక కూర్చుంది.

మనిషిలోని పాపపు స్వభావం పూర్తిగా చచ్చిపోతుందా అని నన్నడక్కండి, పాస్టరు గారున్నారు. నాకు తెలిసింది ఈమధ్య చూసిందే. ఒక డ్రైవరు, బ్రేకు సరిగా పట్టడం లేదని, బావగారి తప్పేమీ లేకపోయినా నానా మాటలూ అన్నాడు. ఈయన మెడ ఎర్రబడింది. నాకు ఆ ఎరుపు బాగా తెలుసు. స్టోరు వెనక్కి వెళ్ళిపోతే, నేనూ వెంట వెళ్ళాను. గోడకి చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, “ప్రభువా, మళ్ళీ వచ్చింది, నువ్వే చూసుకో,” అంటున్నారు. తిరిగొచ్చి ఆ డ్రైవరుతో, “ముందు బ్రేకు సంగతి చెప్పు నాయనా, తర్వాత తీరిగ్గా తిడుదువు గాని,” అన్నారు. ఆ అబ్బాయి ఈ హాల్లోనే ఉన్నాడు, తల వంచుకోనక్కర్లేదు బాబూ, మేమందరం ఆయన చేత తిట్లు తిన్నవాళ్ళమే, తిట్టిన ఘనత నీ ఒక్కడిదే. (నవ్వులు, చప్పట్లు)

బావా, నీ పనితనాన్ని ఇక్కడ చాలామంది మెచ్చుకున్నారు. నేను మెచ్చుకునేది అది కాదు. నా వల్ల కాదని ఒప్పుకోవడానికి ఎంత బలం కావాలో నిన్ను చూశాకే తెలిసింది. ఒప్పుకుని ఊరుకోకుండా, ప్రతి ఉదయం మళ్ళీ మోకాళ్ళ మీదికి వెళ్ళావు. నిన్ను మార్చిన దేవుడికి స్తోత్రం. మారనిచ్చిన నీకు చేతులెత్తి నా నమస్కారం.

ఒక్క మాట చెప్పి దిగిపోతాను. నిన్న అక్క దగ్గరికి వెళ్ళి సరదాకి అడిగాను: ఇకనుంచి ఆయన పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటారు కదా, ఎలా వేగుతావే అని. అక్క కిటికీ పక్కన ఒక కుర్చీ జరిపి, దాని పక్కనే రెండోది వేస్తోంది.

“ఎప్పుడెప్పుడా అని ఎదురుచూస్తున్నాన్రా,” అంది.

ఓపికగా విన్న మీ అందరికీ, మైకు లాక్కోకుండా కూర్చున్న బావగారికీ కృతజ్ఞతలు. సెలవు.