మా నల్లవ్వ, మీ కియారా

పాప పండిందా? అయితే గిట్ల కూసో మనీషా. రేపు తొట్టెల్లేసేటప్పుడు ఏం పేరు పెడుతున్నరో ఇంకోసారి చెప్పు. కియారా. మంచిగుంది. మా అమ్మ పేరు పెట్టమని నేనడిగితె మీ ఆయన ఏమన్నడు? "నల్లవ్వనా అమ్మమ్మా? బడిల పిల్లలు నవ్వరా?" అన్నడు. సరే, నవ్వుతరు. పాఠాలు చెప్పినదాన్ని గద, కొత్త మాట వింటె అర్థం చూడకుంట ఉండలేను. చూసిన. ఇంగ్లండు పక్కన ఐర్లండని దీవి ఉన్నది గద, గక్కడి పేరది. వాళ్ల పాత భాషల 'కియర్' అంటె నలుపు. నల్ల జుట్టు, నల్ల కండ్లు ఉన్న పిల్లలకు పెట్టుకునేటోళ్లు. గా పేరుతోని ఒక సన్యాసిని మఠం కట్టిందట, ఇప్పటికీ ఆమెను తలుసుకుంటరట. అంటె ఏందన్నట్టు? వాళ్ల నల్లవ్వ అన్నట్టు. ఇంట్ల నల్లవ్వ పనికిరాలే గని సముద్రాలు దాటొచ్చిన నల్లవ్వ ముద్దొచ్చింది మీకు.

నవ్వకు, విను. మా అమ్మ మెట్‌పల్లికి కాపురానికొచ్చిన కొత్తల అత్తగారింట్ల గిదే తీరు. నలుగుట్ల చెప్పుకోను నామోషీ అని 'సువర్ణ' అని మార్చిండ్రు. ఆమె పలుకది. ఒకనాడు మా నాయనమ్మ వాకిట్ల కూసోని "సువర్ణా, అన్నం మాడుతుందే" అని ఒకటే పిలుసుడు. మా అమ్మ పొయ్యి పక్కనే ఉన్నది. ఇల్లంత పొగ. ముసలామె ఉరికొచ్చి "చెవుడా నీకు?" అంటె, "సువర్ణను పిలుస్తున్నరు గద అత్తా, అస్తదేమో అని సూస్తున్న" అన్నదట. గా పూట అందరు మాడిందే తిన్నరు. తెల్లారేసరికి మళ్ల నల్లవ్వ అయింది. ఇగ మీ అత్త, నేను కన్న బిడ్డే. పిల్ల నలుపు పుట్టిందని పసుపు, సెనగపిండి రుద్ది రుద్ది పసిదాని తోలు కందవెట్టింది. తెల్లవడుతదట. మా అమ్మ బతుకంత పసుపు ఉడకవెట్టే కాడ పని చేసింది. చీరె పచ్చన, గోర్లు పచ్చన, మనిషి మాత్రం నిగనిగలాడుకుంట నల్లగనే పోయింది. పసుపుతోని తెల్లవడేదుంటె మెట్‌పల్లి పసుపు మార్కెట్ల హమాలీలంత ఇంగ్లీషు దొరల లెక్కుండాలె. పేరేమో నలుపని పెడుతరు, పిల్లనేమో గీకుతరు. ఇంత చదివి ఏం నేర్సుకున్నరు బిడ్డా మీరు? పెట్టుకోండ్రి, కియారా అనే పెట్టుకోండ్రి, నేనిగ అడుగ. అగో, బకెట్ల నీళ్ల సప్పుడు వినే లేసి ఏడుస్తున్నది సూడు. ఇటియ్యి దాన్ని. ఇయ్యాల తానం లేదని మీ అత్తకు చెప్పిరా పో.