పెద్ద హాలు, వెనక వరండా

మ్యూజియంగా మార్చిన పాత మేడలో, హాలు తాళాలు పట్టుకుని దిగుతున్న మేనేజరమ్మను నాటక బృందం పెద్దాయన మెట్ల మీదే ఆపాడు. టికెట్ల కోసం నిలబడ్డ నాకు ఆ బేరమంతా వినిపించింది.

“ఏమ్మా, పెద్ద హాలు ఆ పాటలావిడకిచ్చి మా నాటకాన్ని వెనక వరండాలోకి తోస్తారా?”

“తోయడమేంటి బాబాయిగారూ! మీ విలన్ నవ్వినప్పుడల్లా హాలు పైకప్పు సున్నం రాలుతోంది. ఆవిడ పక్కన తంబూరా ఒక్కటే కదా.”

“ఆవిడకి తివాచీ పరిచారట. మా రాజు వేషగాడు కాసేపు కూర్చుంటానంటే కుర్చీలకి తాళ్లు కట్టేశారు!”

“కట్టించింది మీ రాజుగారే. సింహాసనమనుకుని కూలబడితే ఈ ఇంటి దొరగారి కుర్చీ కాలు విరిగింది.”

“సరే, వరండాయే ఇవ్వండి. కానీ ఆవిడ కచేరీ రోజునే ఇవ్వాలి. జనం ఎటు వెళ్తారో తేలిపోతుంది.”

“మీదీ అదే మాటా?”

“ఇంకెవరన్నారు?”

“ఆవిడే. మీ నాటకం రోజునే హాలు కావాలని నిన్న నా ప్రాణం తీసింది. మీకొచ్చే జనాన్ని చూస్తే ఆవిడకి నిద్ర పట్టట్లేదట.”

“నిద్ర పట్టట్లేదని ఆవిడే చెప్పిందా?”

“తన నోటితోనే.”

పెద్దాయన చొక్కా కాలరు సర్దుకున్నాడు. ముఖం వెలిగిపోయింది.

“అయితే వరండా మాకు వేరే రోజు ఇవ్వండమ్మా. నా జనాన్ని ఆవిడకెందుకు పంచాలి?”