అక్క స్కోరు

పెద్దాయన చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేములు రెండు, ఒకటి కొత్తది, ఒకటి పాతది, తెచ్చి రిపేరు షాపు బల్ల మీద పెట్టాడు. పాతదాన్ని చూడగానే మెకానిక్ అమ్మాయికి నవ్వొచ్చింది.

“కొత్తదాంట్లో ఏం ఆడతారు బాబాయ్?”

“కార్ల పందెం. బొమ్మ అద్దంలా ఉంటుందమ్మా. పాతదాంట్లో ఇటుకలు పేర్చే ఆట.”

“అది కొత్తదాంట్లోనూ ఉందిగా! ఇంకా ఈ డొక్కు దేనికి?”

“ఇందులో మా అక్క స్కోరుంది. లోపలి బ్యాటరీ అయిపోవచ్చింది. మార్చేటప్పుడు స్కోరు చెరిగితే, గెలవలేక నేనే తుడిచేశానని దులిపేస్తుంది.”

“పాత బ్యాటరీ తియ్యకముందే కొత్త బ్యాటరీ పక్కన అతికిస్తాలెండి, స్కోరు చెరగదు.”

పని ముగించి, ఆమె ఆట తెరిచి చూసింది.

“అక్కగారు పైనే ఉన్నారు. కింద మీరు... అరె, పది పాయింట్లే తేడా! ఇంకొక్క వరస పేర్చుంటే మీదే గెలుపు.”

“తెలుసమ్మా.”

“మరి?”

“‘నన్ను దాటావట్రా?’ అని వారం వారం ఫోన్ చేస్తుంది. దాటేస్తే ఇంకేం అడుగుతుంది?”