అమ్మ పడుకున్న నేల

ఉరుక్ పట్టణం, కుమ్మరుల సందు. ఏటి ఒడ్డు పల్లె నుంచి అక్క నిన్‌కల్లా భుజాన మూటతో చెల్లెలు గెమె ఇంటికి వచ్చింది.

“ముందు ఆ చాప తియ్యవే గెమె. నేల తవ్వాలి.”

“వచ్చీ రాగానే ఏంటక్కా? కూర్చో. కాస్త కల్లు తాగు.”

“ఇది కల్లా? ఎద్దులు తొక్కిన మడుగులో నీళ్లు దీనికన్నా నయం. గిన్నె చూడు! సందు పొడుగునా ఇదే గిన్నె. ఈ ఊళ్లో అందరికీ ఒకటే మూతి ఉందా?”

“అచ్చులో ఒత్తుతారు. గుడి పనివాళ్లకి యవలు ఇందులోనే కొలిచి పోస్తారు.”

“మనుషుల్నీ అచ్చులోనే ఒత్తుతున్నట్టున్నారు. గోడకి గోడ అంటించుకుని... పక్కింటాయన తుమ్మితే నీ దీపం ఆరిపోదూ?”

“మీ రెల్లు గుడిసెల కంటే నయమేలే. గాలొస్తే కప్పు కోసం పొలాలెంబడి పరిగెత్తేవాళ్లం, మర్చిపోయావా?”

“నేనేమీ మర్చిపోలేదు. అమ్మని ఏటి గట్టున పెట్టకుండా పొయ్యి పక్కన పాతేశావు. అమ్మ మీదే తింటావు, అమ్మ మీదే పడుకుంటావు. సిగ్గులేదూ?”

“ఇక్కడ అందరూ అంతే. ఇదిగో, ఈ మట్టి గొట్టంలో రోజూ నీళ్లు పోస్తా. అమ్మకి దాహం లేదు.”

“గొట్టంలో నీళ్లు! థూ! నీళ్లు కూడా కొలిచే పోస్తారా?”

“చాల్లే. ఇక్కడే ఉంచమని అమ్మే అడిగింది. నేనివ్వను.”

“ఇవ్వడానికి నువ్వెవరివే? పెద్దదాన్ని నేను. తవ్వు.”

“ఏటి గట్టున నాన్న పక్కన పెట్టాలనేగా నీ పంతం?”

“ఆ. వాళ్లు పక్కపక్కన ఉండాలి. అంతే.”

“చిన్నప్పట్నుంచీ నీ మాటే నెగ్గాలి. సరే, నెగ్గు! పలుగు తెస్తా, తవ్వుకో. పడవ ఏ రేవులో కట్టావు?”

“పడవ లేదు. నడిచొచ్చా.”

“మనూరి నుంచా? ఏరు పెట్టుకుని నడవడమేంటి?”

“ఏరు లేదు.”

“లేకపోవడమేంటక్కా?”

“దారి మార్చుకుని పడమటికి పోయింది. మన రేవులో గాడిదలు దొర్లుతున్నాయి. ఒక్కో ఇల్లే ఖాళీ అయింది. ఆఖరికి నేనే మిగిలా.”

“అయ్యో! మరి అమ్మని ఎక్కడికి తీసుకుపోతావు?”

“తీసుకుపోతానని నేనన్నానా? గుంట కాస్త వెడల్పుగా తవ్వు. ఈ మూటలో నాన్నున్నాడు.”