సాపు ప్రతి

హలో… ఆ, నేనే బావా. నా నంబరుకే ఫోన్ చేసి, నేనెత్తానని అంత ఉలిక్కిపడతావేం?

…

చెల్లెలా? ఉంది. పెరట్లో. వచ్చి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. మొగుడివి కదా, లెక్క నీ దగ్గరే ఉంటుందనుకున్నా.

…

బానే ఉంది. తింటోంది, నిద్రపోతోంది, మధ్యాహ్నం కాసేపు నడుం కూడా వాలుస్తోంది. చిక్కి సగమైందని చెబితే నీకు ఊరటగా ఉండేది, కానీ ఏం చెయ్యను, కాస్త ఒళ్ళు చేసింది.

…

ఓహో, పుస్తకం సంగతా! అదీ అనుకున్నా. పెళ్ళాం కోసమే ఫోన్ చేశావంటే ఆకాశానికేసి చూద్దును, సూర్యుడు ఎటు పొడిచాడో అని.

…

తెలుసు, ఆదివారం ఆవిష్కరణ. కార్డొచ్చింది. నా ఇంటిపేరు తప్పు పడింది. పోనీలే, బావమరిది ఇంటిపేరుతో ఏం పని, ఆడపిల్లనిచ్చాక.

…

జనాన్నా? నేను తేవాలా? ఎంతమంది?… వందా! పెరటి మొక్కల పుస్తకానికి వందమంది మనుషులు ఎక్కడ దొరుకుతారు బావా, మొక్కల్నే పిలుచుకోవాలి.

…

నవ్వు కాదు, ఉన్న మాటే. మా పాత హెడ్మాస్టరు లేడూ, తన జీవితచరిత్ర వెయ్యి కాపీలు వేయించాడు. ఇల్లు చాల్లేదు. పేర్చి పరుపేసుకుని పడుకున్నాడు. నిచ్చెనేసుకుని ఎక్కాలి మంచం! వచ్చినవాడికల్లా ఒకటి చేతిలో పెట్టేవాడు, మంచం ఓ వేలెడు దిగుతుందని. చివరికి దొంగలొచ్చారు. నిచ్చెనెక్కి చూశారు. పాపం, జాలేసి, తలా ఒక కాపీ కొనుక్కుని పోయారు.

…

అబద్ధమే. కాదన్నానా? నేను అబద్ధం చెప్పేటప్పుడు విన్నవాడికి తెలుస్తుంది, అబద్ధమని. నీలాగా అట్ట వేయించి, ముందుమాట రాయించి చెప్పను.

—

ఉండు, కోపం ఎందుకు. ముందుమాట అంటే గుర్తొచ్చింది. ఆ పెద్దాయనెవరు, మీ పబ్లిషరు పట్టుకొచ్చినాయన… చదవలేదు బావా ఆయన! 'ఈ కవితల్లోని ఆర్ద్రత నన్ను కదిలించింది' అని రాశాడు. ఏ కవితలయ్యా, వంకాయ మీదా? ఊళ్ళో పుస్తకాలన్నిటికీ ఆయనది ఒకటే ముందుమాట. పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే కోటులాగ. ఎవడికీ సరిపోదు, అందరూ తొడుక్కుంటారు.

…

ఆ, ప్రూఫులు నా ఒళ్ళోనే ఉన్నాయి. చెల్లెలు సంచిలో వేసుకొచ్చింది. రెండు చీరలు, దువ్వెన, నీ పుస్తకం. ప్రూఫుల్లో కృతజ్ఞతల పేజీ చదివింది, సంచి సర్దింది. ఇంకా ఎందుకొచ్చేసిందో తెలీదంటావు చూడు…

…

చెప్పావా? ఎక్కడ చెప్పావు? పబ్లిషరుకి చెప్పావు. రిటైరైన నీ పెద్దాఫీసరుకి చెప్పావు. అట్ట మీద గుమ్మడికాయ గీసినవాడికి చెప్పావు. కళ్ళజోడు బాగుచేసినవాడికి! కళ్ళజోడువాడికి బావా!

…

ఏదీ… 'రాతప్రతి తయారీలో సహకరించిన వారందరికీ'. ఇదా? ఆ 'వారందరూ' మా చెల్లెలొక్కత్తే. నీ రాత నీకే అర్థం కాదని, నాలుగొందల పేజీలు కూర్చుని సాపు రాసింది. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో కలం. సహకరించారట, వారందరూ!

…

సరే, సరే. అసలు సంగతి చెప్పు. ఇంత నెమ్మదిగా మాట్లాడుతున్నావంటే ఎక్కడో కాలు ఇరుక్కుంది.

…

ఏడో అధ్యాయమా? ఏమైంది దానికి?

…

తోటల సంఘం ఆడవాళ్ళా. పబ్లిషరు ఇస్తే ముందే చదివారా! అదేమిటి, పుస్తకం అచ్చవకముందే పాఠకులు దొరికారు, ఎగిరి గంతెయ్యాలి గానీ…

…

ప్రశ్నలు పంపారా? పంపనీ. సభలో జవాబు చెప్పు. రచయితవి గదా.

…

ఏదీ, ఒకటి చదువు… 'చిక్కుడు పాదుకి మొదటి పూత గిల్లెయ్యమన్నారు, ఏ తీగకి గిల్లాలి, ఎన్నాళ్ళ పాదుకి?' మంచి ప్రశ్న. చెప్పు మరి.

…

నువ్వు రాయలేదా?

…

పబ్లిషరు కలిపాడా? వాడా! వాడికి చిక్కుడు పాదుకీ కరెంటు తీగకీ తేడా తెలీదు.

—

ఆగాగు. నేను చెబుతా. కూర్చున్నావా? కూర్చో.

మా చెల్లెలు కలిపింది.

…

సాపు రాస్తూ రాస్తూ. 'సాయంకాలమున నీరు సమృద్ధిగా పోయవలెను' అని నువ్వు రాశావట. ఇక్కడ ఏముందో చదవనా? 'వేలు రెండో కణుపుదాకా మట్టిలో గుచ్చండి. తడి తగిలితే నీళ్ళు పొయ్యకండి. మొక్కకి తొందర లేదు, మనకే.' ఇది నీ మాటేనా? ముప్ఫయ్యేళ్ళు వ్యవసాయ శాఖలో ఫైళ్ళు దున్నావు. మట్టి నీ చేతికంటింది రెండేసార్లు. రెండుసార్లూ జారిపడ్డప్పుడే.

…

ఇదింకా బావుంది, విను. 'వంగ కాసిన మడిలో మళ్ళీ వంగ పెట్టకండి. మూడేళ్ళు అదే తప్పు చేసి, మొక్కలన్నీ పోయాక నాకు తెలిసింది.' నాకు, అట! నీ పుస్తకంలో నువ్వు తప్పు ఒప్పుకున్నావు బావా. అప్పుడైనా అనుమానం రావద్దూ?

…

మోసమా? ఏది మోసం? నీ చేతికి తెచ్చిచ్చింది. ఈ ప్రూఫుల్లోనూ ప్రతి పేజీ అడుగునా నీ సంతకం ఉంది, నేను చూశా. చదవకుండా పెట్టావు, అంతే. ఆఫీసులో ముప్ఫయ్యేళ్ళు పెట్టినట్టే. ఎవడైనా మధ్యలో నీ ఇల్లు నా పేర రాసి పెట్టి ఉంటే, ఈ పాటికి నీ వరండాలో కాళ్ళు చాపుకుని ఉండేవాణ్ణి.

…

చిత్తుప్రతి? పాతది? వెనక్కి తెప్పించి అదే వేయిస్తావా? భేషుగ్గా వేయించు. ఎక్కడుందో చెప్పనా? నీ వంటింటి కిటికీలో. మొలకలకి కాగితం గొట్టాలు చేసింది. నీ అయిదో అధ్యాయంలో టమాటా వచ్చిందట, ఇది బయల్దేరేనాటికే రెండాకులేసిందట. అందులోంచి ఏదైనా మొలవడం అదే మొదలు.

…

అరవకు. ఈ ఫోన్ పాతది, పగిలిపోతుంది.

…

ఏమిటీ… మళ్ళీ చెప్పు?

…

చెల్లెలు సభకి రావాలా. వచ్చి… వేదిక మీదనా?… వెనకనా! కుర్చీ వెనక కూర్చుని, వాళ్ళు ప్రశ్న అడిగితే, నీ చెవిలో చెప్పాలా!

…

లేదు, నవ్వట్లేదు. దగ్గొచ్చింది. బావా, నా జన్మలో ఎన్ని కోతలు కోశాను, మేకపిల్ల గుమ్మడికాయలో కాపురం పెట్టిందని చెప్పి నమ్మించాను. ఇంతటిది నాకు తట్టలేదు. నీ కాళ్ళకి దణ్ణం.

…

సరే, అడుగుతా. ఉండు— అమ్మాయ్! మీ ఆయన!… ఆ, లైన్లోనే ఉన్నాడు. చిక్కుడికి మొదటి పూత ఎందుకు గిల్లుతారని అడుగుతున్నాడు!… ఏమిటీ?… ఆహా. చెబుతా—

విన్నావా? పుస్తకం రాసినాయన్ని అడగమంటోంది.

…

నాకేం తెలుసు, నాకు కాయ తినడం తెలుసు.

…

మళ్ళీ ఆ మాటే. పరువు, పరువు. నీ పరువు పోకూడదని ఇరవై రెండు రోజుల్లో ఒక్క మనిషికి ఒక్క ముక్క చెప్పలేదది. పబ్లిషరు ఇంటికొచ్చి కూర్చున్నా చెప్పలేదు.

…

వచ్చాడు. మొన్న. నీకు చెప్పలేదా? చేతిరాత చూసి పట్టేశాడు. మా పాలవాడి లెక్క చీటీ గోడకుంది, చెల్లెలు రాసింది. అది చూశాడు, ఆ నాలుగొందల పేజీలూ గుర్తొచ్చాయి. 'అమ్మా, ఆ వంగమడిలో మూడేళ్ళు తప్పు చేసింది మీరేనా' అన్నాడు. ఇది తలొంచుకుని, 'మావారికి తెలుసు, ఆయన్నే అడగండి' అంది. నీకు తెలుసట! అప్పుడు నాకొచ్చిన కోపానికి… సర్లే.

…

అందుకా నిన్న నీకు ఫోన్ చేశాడు! అట్ట మీద ఎవరి పేరు వెయ్యమంటారని అడిగాడా… నువ్వేమన్నావు?

…

ఏమీ అనలేదా. రేపు పొద్దున అట్ట అచ్చుకి పోతుంది, నువ్వింకా ఏమీ అనలేదు.

…

ఇద్దరి పేర్లా?

…

ముందెవరిదని నన్నడుగుతావేం? బేరమా? రాసింది నేనా? దాన్నడుగు.

…

ఫోన్ పట్టుకోదు. చేతులనిండా మట్టి. స్పీకరు పెట్టి గట్టు మీద ఉంచుతా. వింటుంది. పలుకుతుందో లేదో నేను పూచీ కాదు.

…

అదీ నేనే చెప్పాలా, ఎలా మొదలెట్టాలో? ముందుమాటలాగా మొదలెట్టకు, పారిపోతుంది. పేరు పెట్టి పిలు.

…

'ఇదిగో' కాదు. 'ఏమోయ్' కాదు. ముప్ఫై ఏడేళ్ళుగా అవే విన్నది. అట్ట మీద 'ఇదిగో' అని వేయిస్తావా? పేరు.

…

బావా?

…

బాగుంది. తెచ్చుకో, గుర్తు తెచ్చుకో. తొందరేం లేదు, అచ్చు రేపు కదా. పెడుతున్నా, నేను వీధిలోకి పోతున్నా.

అమ్మాయ్, ఇటు చూడు. ఏదో అనబోతున్నాడు.