కుడివైపు కింది మూల

మధ్యాహ్నం మూడింటికి దుకాణంలో జనం పలచబడ్డారు. మూడో కౌంటరు తెర మీద గుడ్డ కప్పి ఉంది. ఆ గుడ్డ తీయబోయిన హెడ్డాఫీసాయనకి రెండో కౌంటరు ఆవిడ అడ్డంగా వచ్చి నిలబడింది. కౌంటర్ల తెర మీద ఏ మీట ఎక్కడుండాలో గీసేది ఆయనే. చంకలో రంగుకాగితం చుట్టిన పెట్టె ఉంది.

“…అందుకే నేనే స్వయంగా వచ్చానమ్మా. ఈ మూడో కౌంటరమ్మాయి వేలికి వేల రూపాయలు పోయొచ్చు. ఒక్క నిమిషంలో నలభై ఒక్కసార్లు!”

“దేన్ని?”

“నా కొత్త మీటని. కార్డు మీట. కుడివైపు కింది మూల, బొటనవేలు దానంతటది వాలే చోటు. ముందుగా పెట్టి చూసిన అరవై దుకాణాల్లో ఇంతలా నొక్కినవాళ్లు లేరు. నొక్కడమంటే మీ మేనేజరు కంగారుపడతాడేమో, నేను చెప్పేది తెర మీద నొక్కడం.”

“నవ్వించకండి సార్.”

“మీరు నవ్వట్లేదుగా.”

“అందుకే చెప్తున్నా.”

“ఆ అమ్మాయి సెలవా?”

“సెలవే. తీసుకుంది.”

“మీకు తెలిసినమ్మాయేనా?”

“మా చెల్లి. నాకు రెండు, దానికి మూడు. వరస తప్పకుండా ఇచ్చారు కౌంటర్లు.”

“అయితే ఈ బహుమతి మీకే ఇచ్చేస్తా. ఒక్క సందేహం తీర్చండి. నలభై ఒకటి దగ్గర ఠక్కున ఆపేసింది. అంత ఊపు మీదున్న చెయ్యి ఎందుకాపింది? సోమవారం అన్ని ఊళ్లకీ ఈ తెరే పంపుతున్నాం. కారణం తెలిస్తే సరిచేసి పంపుతా.”

“సోమవారమా? అన్నిచోట్లకీ?”

“అన్నిచోట్లకీ.”

“అయితే చెప్తా. ముందు మీరు చెప్పండి. ఆ మూలలో ఇదివరకేముండేది?”

“ఎర్ర మీట. నొక్కితే గేటు దగ్గర కాపలా ఆయనకి గంట మోగేది. ఈ కౌంటరులో రెండేళ్లకి రెండంటే రెండుసార్లు నొక్కారు. అంత మంచి మూలని మూలన పడేస్తామా?”

“తీసేశారు.”

“తీసెయ్యలేదమ్మా, జరిపాను. ‘ఇతరములు’లో మూడో పేజీలో ఉంది. నొక్కితే ‘నిజంగానే పిలవాలా?’ అని అడుగుతుంది కూడా. పొరపాటున మోగకూడదు కదా. కాగితం పంపాం, చూళ్లేదా?”

“ఉంది. మేనేజరు గదిలో, టీ కప్పు కింద.”

“అదీ!”

“ఆ రెండుసార్లూ ఎందుకు నొక్కిందో తెలుసా సార్? ఒకసారి ఒకడు జుట్టు పట్టి కౌంటరు మీదకి ఈడ్చాడు. ఇంకోసారి ఇంకొకడు సీసా పగలగొట్టి మెడ మీద పెట్టాడు. రెండుసార్లూ గంట మోగింది, కాపలా ఆయన పరిగెత్తుకొచ్చాడు. రెండుసార్లూ అది ఇంటికొచ్చి, దువ్వెన దాచానని నాతో పోట్లాడింది.”

“క్షేమంగానే వచ్చిందన్నమాట.”

“పోయిన నెల పన్నెండున—”

“పొద్దున్న పదకొండుంపావు. నా అంకె కూడా ఆ… అప్పటిదే.”

“బిల్లు లేకుండా ఇస్త్రీపెట్టె వాపసు తెచ్చాడొకడు. కుదరదంది. దాంతోనే కొట్టాడు. మొదటి దెబ్బకే నుదురు చీలింది. కళ్లనిండా రక్తం. ఏం కనపడుతుంది? కనపడక్కర్లేదు కూడా, రెండేళ్ల అలవాటు, చెయ్యి సరిగ్గా ఆ మూలకే పోయింది. నొక్కింది. ఏం వినపడింది సార్?”

“…‘సభ్యత్వ కార్డు ఉందా అండీ?’”

“మంచి గొంతు.”

“మా అమ్మాయిది. దానిచేతే రికార్డు చేయించా.”

“కొట్టేవాణ్ణి అడుగుతోంది మీ అమ్మాయి. కార్డు ఉందా అండీ. వాడు దవడ మీద కొట్టాడు. కార్డు ఉందా అండీ. చెవి మీద. కార్డు ఉందా అండీ. గేటు దగ్గర కాపలా ఆయన విన్నాడు. ఇవాళ మూడో కౌంటరుకి గిరాకీ బాగుందనుకున్నాట్ట.”

“మీరు… మీరెక్కడున్నారు?”

“వెనక గదిలో, టీ తాగుతూ. దీనికి కొత్త ఆటబొమ్మ దొరికిందని నవ్వాను సార్. గట్టిగా నవ్వాను.”

“గొడవ జరిగిందనే చెప్పారమ్మా మాకు. ఏ కౌంటరో చెప్పలేదు. నాకు అంకెలే వస్తాయి, మనుషులు రారు.”

“సోమవారం పంపకండి.”

“పంపను. ఎర్ర మీట ఆ మూలకే తెస్తాను. ఇప్పుడే ఫోను చేస్తా.”

“ఆగండి. మీ సందేహం తీరలేదుగా.”

“వద్దమ్మా.”

“నలభై ఒకటి దగ్గర ఎందుకాపిందన్నారు.”

“వద్దు. అర్థమైంది.”

“ఆపింది మా చెల్లి కాదు సార్. ఆ ఇస్త్రీపెట్టె.”