జాసింకి అమ్మవారు పోసిన రోజు

"అమ్మమ్మా, ఆ ఫోటోలో నీకు శాలువా కప్పుతున్నారు కదా, అది ఎందుకో మొదట్నించీ చెప్పవా? ఫోనులో రికార్డు పెట్టాను. ఈసారి మాత్రం కోతలు కొయ్యకూడదు."

కోతలు కొయ్యకుండానా? అయితే రెండు ముక్కల్లో తేలిపోతుందే వేణీ. ఇరాకు వాళ్ళు కువైట్ వదిలి వెళ్ళిపోయే రోజుల్లో ఒక కుర్రాణ్ణి అర్దియా నించి ఖైతాన్ దాకా తీసుకెళ్ళి దాచాం. ఖలాస్. ఇక ఫోను కట్టెయ్యి.

చూశావా, మొహం ఎలా పెట్టావో! అందుకే అన్నాను, కోతల్లేకపోతే కథ చప్పిడి పత్యం. సరే, ఆ పకోడీల పళ్ళెం ఇటు జరుపు, చెప్తాను. నువ్వు మధ్యలో అడ్డు రాకు.

నేను అమలాపురం పక్కనించి వచ్చి అర్దియాలో మామా ఇంట్లో, ఇక్కడ ఇంటి యజమానురాల్ని మామా అనే పిలవాలి కదా, వంటకి చేరేనాటికి మీ అమ్మకి ఏడేళ్ళు. కాదు, ఎనిమిది. పన్ను ఊడితే కాయితంలో చుట్టి ఉత్తరంలో పెట్టి పంపింది పిచ్చిమొహంది, ఆ పన్ను చూసుకుని నేను వారం రోజులు ఏడ్చాను. పోనీలే, ఒక పూట. వచ్చేటప్పుడు తడిగుడ్డలో చుట్టి ఒక కరివేపాకు పిలక తెచ్చుకున్నాను. దాన్ని నెయ్యి డబ్బాలో నాటి, నా వాటా తాగేనీళ్ళు పోసి పెంచితే, నమ్మవు, మేడ దాటి ఎదిగింది. పోనీలే, నా నడుం దాకా. అప్పట్లో ఇక్కడ అంగట్లో గుప్పెడు ఆకు వంద ఫిల్సులు, అదీ బొంబాయి నించి వడిలిపోయి వచ్చేది. నా మొక్క కోసం అర్దియాలో ఉన్న మనాళ్ళందరూ నాకు దణ్ణాలు పెట్టేవారు. అంత గొప్పగా బతికాను నేను!

యుద్ధం రాగానే చాలామంది అమ్మాన్ మీదుగా ఇండియా పోయారు. నేనెందుకు ఉండిపోయానని అందరూ అడుగుతారు. ధైర్యం అని చెప్తాను. నిజం నీకు చెప్తున్నాను, మొక్కకి నీళ్ళెవరు పోస్తారే? ఇంకోటేంటంటే, మామా ఒళ్ళో అప్పటికి మూడు నెలల పసిబిడ్డ. మొగుడు పరాయిదేశంలో చిక్కుకుపోయాడు. ఆవిడకి మిగిలింది ఒక్కగానొక్క తమ్ముడు జాసిం. అమ్మా నాన్నా లేని పిల్లాణ్ణి అక్కే పెంచింది. అక్క సగం, నేను సగం అనుకో. తాలింపు వాసన తగిలితే చాలు, బడి సంచీ అవతల పారేసి వంటింట్లోకి వచ్చేవాడు.

యుద్ధం నాటికి వాడికి ఇరవై ఏళ్ళు. ఊరికే కూర్చునే రకం కాదు. రొట్టెల కింద మందులు పెట్టుకుని దాక్కున్నవాళ్ళకి చేరవేసేవాడు. ఖైతాన్‌లో మనాళ్ళు జీతాల్లేక, బియ్యం లేక గదుల్లో ముడుచుకుని ఉంటే వాళ్ళకీ బియ్యం మోశాడు. దర్జీ సుబ్బారావు లేడూ, మన రాజోలు సుబ్బారావు, జ్వరంతో మూలుగుతుంటే మాత్రలు తెచ్చి నోట్లో వేసింది ఈ కుర్రాడే. అందుకని మనవాళ్ళ లెక్కలో జాసిం మనోడే.

అలా ఏడు నెలలు గడిచాక, ఇరాకు వాళ్ళు ఇక పోతున్నారని తెలిసింది. నూనె బావులు తగలబెట్టారు, పట్టపగలు అమావాస్యలా ఉంది. ఆరేసిన తెల్లచీర నల్లచీర అయింది. పోయేవాళ్ళు పోక, పోతూ పోతూ ఇక్కడి మగవాళ్ళని బస్సుల్లో ఎక్కించుకుపోతున్నారు. వీధి తర్వాత వీధి వెతుకుతున్నారు. పక్కవీధిలో తండ్రినీ కొడుకునీ ఒకే బస్సెక్కించారు. రేపు మన వీధే. జాసింని మేడమీద నీళ్ళ టాంకీలో దాచింది మామా. చలికి పళ్ళు టకటకా కొట్టుకుంటే వీధి చివరికి వినబడింది!

మామా నా చెయ్యి పట్టుకుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండును. "మంగా, వాడు లేకపోతే నాకెవరూ లేరు" అంది. అంతే. నేనేమో గొప్పకి, "ఎక్కడైనా దాచి, రేపో మాపో మళ్ళీ నీ గుమ్మంలో నిలబెడతాను" అని మాటిచ్చేశాను. ఎలాగో నాకే తెలీదు.

అప్పుడొచ్చింది ఈరమ్మ. పక్కింట్లో పనిచేసేది, రాజంపేట మనిషి, బక్కపల్చటిది, నోరు మాత్రం తాటాకు మంట. చూసింది, చూసి నడుం మీద చెయ్యేసుకుని, "ఏందక్కా, ఇట్ల కూసోని ఏడుస్తాంటే అవుతాదా? పిల్లోడికి అమ్మవారు పోసిందని చెప్పు. ఆయమ్మ జోలికి ఏ సిపాయి వస్తాడో సూస్తా" అంది.

తస్సాదియ్యా, ఎంత బుర్రే దానికి!

ఖైతాన్‌లో మనాళ్ళ గదుల్ని అంతగా వెతకడం లేదు. సుబ్బారావు దగ్గర కుట్టుమిషన్లు మోసే డొక్కు వ్యాను ఉంది. దాంట్లో పడుకోబెట్టి తీసుకుపోదాం అనుకున్నాం. గడ్డం మీసం గీశాం. లుంగీ కట్టాం. ఇంట్లో ఉన్న పసుపంతా నీళ్ళలో కలిపి ఒంటికి పట్టించాం. తెల్లదుప్పటి మీద పడుకోబెట్టాం. మరి పొక్కులు? సగ్గుబియ్యం ఉడకేశాను. మైదా జిగురుతో ఒక్కొక్క గింజ మొహాన అతికించి, పైన పసుపు పూసేసరికి, వేణీ, నువ్వు నర్సువి కదా, నువ్వయినా సూది మందు తీసేదానివి!

అన్నీ అయ్యాయి. వేపాకు లేదు. పక్కన వేపమండలు లేకుండా అమ్మవారు ఏంటే? ఎంత అబద్ధమైనా పద్ధతి ఉండాలి కదా. ఈరమ్మ అటూ ఇటూ చూసి, పెరట్లోకి పోయి, నా కరివేపాకు మొక్కని మొదలంటా దూసి తెచ్చింది! నేను గుండె పట్టుకుని కూలబడ్డాను. "దూరం నుంచి సూస్తే రొండూ ఒకటే గదక్కా" అంటుంది. జాసిం ఆ పొక్కుల మొహంతోనే, "అమ్మా, నాకు తాలింపు పెడుతున్నారా?" అన్నాడు తెలుగులో. వాడికి వచ్చిన తెలుగంతా వంటింటి తెలుగే. ఆ చావు భయంలో కూడా ముగ్గురం పడీ పడీ నవ్వాం. మామా నవ్వలేదు. గుమ్మంలో నిలబడి, వ్యాను మలుపు తిరిగేదాకా చెయ్యి దించలేదు.

సుబ్బారావు బండి తోలుతున్నాడు. నేనూ ఈరమ్మా వెనకాల, చెరో కరివేపాకు మండ పట్టుకుని విసురుతూ. నేను మనసులో అమ్మవారికి చెప్పుకుంటున్నాను: అమ్మా, నీ పేరు చెప్పి అబద్ధమాడుతున్నాను, పైగా వేపాకు బదులు కరివేపాకు పెట్టాను, కోపమొస్తే నన్ను పట్టుకో, పిల్లాణ్ణి వదిలెయ్.

దారిలో ఆపారు. నలభైమంది సిపాయిలు! ఒక్కొక్కడు తాడిచెట్టంత! తుపాకులు వ్యాను చుట్టూ కంచెలా పెట్టారు. "ఏముంది లోపల?" అన్నాడు వాళ్ళ పెద్ద. నేను "జుదరీ, జుదరీ" అని అరిచాను. అంటే అరబ్బీలో ఈ పొక్కుల రోగమే. అందరూ ఆరడుగులు వెనక్కి. ఆ పెద్దాయన మాత్రం వెనక్కి పోలేదు. వచ్చి తలుపు తెరిచాడు. దుప్పటి తీశాడు. వంగి మొహం చూస్తున్నాడు.

సరిగ్గా అప్పుడు, జాసిం పై పెదవి మీది పొక్కు జారింది. జారి నోటి దగ్గరకొచ్చింది. ఆ వెధవ, రెండ్రోజుల ఆకలి మీదున్నాడేమో, నాలిక చాపి దాన్ని లోపలికి లాక్కుని నమిలాడు!

నవ్వకే. ఆ క్షణాన నా ప్రాణం పోయి, అమలాపురం వెళ్ళి, మీ తాతకి చెప్పి తిరిగొచ్చింది.

సరే, తర్వాత సంగతి చెప్పేముందు శాలువా సంగతి చెప్పాలి. ముప్ఫయ్యేళ్ళ తర్వాత, అబ్బాసియాలో ఒక హాల్లో మనవాళ్ళు సభ పెట్టారు. ఆ రోజుల్లో మనుషుల్ని దాచి కాపాడిన మామూలు పనివాళ్ళకి సన్మానం అన్నారు. వంటవాళ్ళు, డ్రైవర్లు, దర్జీలు. ఈరమ్మ రాజంపేటలో మనవల్ని ఎత్తుకుంటోంది, దాని శాలువా పోస్టులో పంపారు. "ఇదేంది దుప్పటా? సన్నగుంది" అని ఫోను చేసింది. సుబ్బారావు ముందు మైకు పుచ్చుకుని, పదిమంది సిపాయిలు ఆపారన్నాడు. వాడు పదన్నాక నేను తక్కువ చెప్పగలనా? నలభై అన్నాను. హాలంతా చప్పట్లు. ఆ రోజునించే వాళ్ళు నలభైమంది అయ్యారు.

అప్పుడు ముందు వరసలోంచి జాసిం లేచాడు. ఇప్పుడు పొట్ట పెరిగింది, మనవడున్నాడు. మైకు తీసుకుని ఒక్క వేలు చూపించాడు. "వాహద్" అన్నాడు. ఒక్కడే.

అవునే వేణీ. ఒక్కడే. నలభైలేదు, పదిలేదు. మాసిన బట్టలు, అరిగిపోయిన బూట్లు, నా తమ్ముడంత వయసు. ఇది పెంచి చెప్పడం లేదు, తగ్గించీ చెప్పడం లేదు. జాసిం నమిలింది చూశాడు. దుప్పటి మీద పడిన ఇంకో సగ్గుబియ్యపు గింజ తీశాడు. రెండు వేళ్ళ మధ్య నలిపాడు. మెత్తగా, జిగురుగా నలిగింది. నావంక చూశాడు. ఈరమ్మ చేతిలో మండ ఆగిపోయింది. ఆయన ఆ వేళ్ళు చొక్కాకి తుడుచుకుని, దుప్పటి మళ్ళీ జాసిం మొహం దాకా కప్పి, తలుపు వేసి, "చాలా పెద్ద జబ్బు. ఎవర్నీ దగ్గరికి రానివ్వకండి. యల్లా, పోండి" అన్నాడు. గట్టిగా అన్నాడు. వినేవాళ్ళెవరూ లేరు, అయినా గట్టిగా అన్నాడు.

జాసిం ఇదంతా చెప్పేసరికి సుబ్బారావు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. నేను నా శాలువా మడిచి, పక్కన ఖాళీ కుర్చీ మీద పెట్టాను. ఆయనెక్కడున్నాడో, అసలు ఇల్లు చేరాడో లేదో. పేరైనా అడగలేదే మేం. ఫోటోవాడు వచ్చి, శాలువా కప్పుకోండమ్మా, ఫోటో బాగుండదని గోల పెడితే మళ్ళీ కప్పుకున్నాను. నువ్వు చూసింది ఆ ఫోటో.

ఆఁ, ఖైతాన్ సంగతి అడుగుతావేమో. సుబ్బారావు గదిలో నాలుగు రోజులున్నాం. ఇంట్లో అమ్మవారుంటే తాలింపు పెట్టకూడదు కదా. చుట్టుపక్కల వాళ్ళకి అనుమానం రాకూడదని పద్ధతంతా పాటించాను. నాలుగు రోజులూ చప్పిడి పప్పు. నాలుగో రోజున సుబ్బారావు, "మంగాయమ్మా, ఇరాకు వాళ్ళకి నేనే లొంగిపోతాను, వాళ్ళ జైల్లోనైనా తాలింపు పెడతారేమో" అన్నాడు.

ఒక పొద్దున హారన్లు. కేకలు. జెండాలు. వెళ్ళిపోయారు! జాసింని అలాగే వ్యానెక్కించి అర్దియా తోలుకొచ్చాం. దారి పొడుగునా జనం డాన్సులు. పసుపు వదలకపోతే మొహం నలుగు పెట్టిన పెళ్ళికొడుకులా ఉంది, ఎవరో పెళ్ళనుకుని మిఠాయి విసిరారు కూడా. గుమ్మంలో మామా వాణ్ణి గుర్తుపట్టలేదు. ఎవడీ పచ్చమనిషి అని చూస్తోంది. "నీ గుమ్మంలో నిలబెట్టాను, చూసుకో" అన్నాను. చూసింది. అమాంతం కావిలించుకుంది. పైన తొడుక్కున్న నల్ల అబాయా మీద పసుపు అరచేతులు, పసుపు చెంప అచ్చుపడింది. దాన్ని ఇప్పటికీ ఉతకలేదు, పెట్టెలో దాచింది, పండక్కి తీసి చూపిస్తుంది.

నా మొక్క? చచ్చిపోయిందే. ఆకు లేక, నీళ్ళు లేక, పొగ పట్టి. మామా ఇంట్లో అందరూ సంబరంలో ఉంటే నేను నెయ్యి డబ్బా దగ్గర కూర్చుని కాసేపు ముక్కు చీదాను. సిగ్గులేకుండా చెప్తున్నాను.

అందుకే, సభలో అందరికీ శాలువాలు కప్పాక జాసిం వెనక్కి వెళ్ళి నెయ్యి డబ్బా ఒకటి మోసుకొచ్చాడు. అందులో కరివేపాకు మొక్క. మా మనవడు నీళ్ళు పోసి పెంచాడమ్మా, అన్నాడు. "అమ్మా, అప్పు తీర్చడం కాదిది. ఇంకా తాలింపు తినాలి నేను" అన్నాడు, అదే వంటింటి తెలుగులో. కూరలో కరివేపాకుని తీసి పక్కన పెట్టేసినట్టు మనల్ని పెట్టేస్తారని మనాళ్ళు అంటూ ఉంటారు చూడు. ఆ కుర్రాడు పెట్టలేదు.

నీ బాల్కనీలో ఉన్నది ఆ మొక్క పిలకే. నీళ్ళు పోస్తున్నావా? మట్టి ఎండినట్టుంది. పొద్దున డ్యూటీకి పోయేముందు ఒక చెంబుడు పొయ్యి, ఎండలోంచి ఇటు జరుపు.

చల్లగా ఉండు తల్లీ. నువ్వు ఆసుపత్రిలో ఎంతమందికి చేస్తున్నావో, ఎవరు గుర్తుపెట్టుకుంటారో లేదో నాకు తెలీదు. నీ దారిలో నీకూ అలాంటివాడొకడు తగలాలి. చూసి కూడా చూడనట్టు తలుపు వేసి పొమ్మనేవాడు. ఒక్కడు చాలు. నలభైమంది అక్కర్లేదు.

లే, లే, నూనె కాగుతోంది. రెండు రెబ్బలు దూసుకురా. మొదలంటా దూసెయ్యకు, ఈరమ్మలాగా...